మానసిక వ్యాధినుండి కోలుకొనుట: మందు చేయు పని, మనుష్యులు చేయు పని



ఈ నెల అధ్యయనమునకు తీసికొన్న అంశము మన కూటములలో గొంతు తగ్గించి మాట్లాడుకొను అంశము. చక్కెర వ్యాధి వచ్చినదని ఒకరికొకరము చెప్పుకొందుము. గుండెకు ఆపరేషన్ జరిగితే లేచి నిలువబడి సాక్ష్యము చెప్పుదుము. ఇంట్లో ఒకరికి మనస్సు జబ్బుపడినదని మాత్రము చెప్పము. "ఒంట్లో బాగులేదు" అందుము, లేకపోతే "ఊళ్లో పిన్నిగారి దగ్గర ఉన్నాడు" అందుము. అతడు వెనుక గదిలోనే ఉండును.

రైలు పనికి, గనుల పనికి, మిల్లు పనికి తాతలనాడు వచ్చి పరాయి రాష్ట్రములలో స్థిరపడిన మనవంటివారిలో ఈ దాపరికము ఇంకొంచెము ఎక్కువ. కారణము తెలిసినదే. సంబంధములు కలుపుకొను ఇండ్లు కొన్నే. బళ్లారిలో పుట్టిన మాట సోలాపురము చేరుటకు ఒక పెండ్లి చాలును. అన్నకు జబ్బని తెలిస్తే చెల్లెలి సంబంధము తప్పిపోవునని తల్లిదండ్రుల భయము. ఆ భయము ఉత్తది అని మేము అనము. అయితే ఆ దాపరికమునకు రోగి చెల్లించు మూల్యము ఎంతో పరిశోధకులు లెక్క కట్టియున్నారు. ఆ లెక్కలలో కొన్ని మనము కాపురముండు చోట్లనే కట్టినవి. వాటిని చూతము.

మానసిక వ్యాధులు అనేకము. దిగులు వ్యాధి, ఆందోళన, ఉద్రేకము దిగులు మార్చి మార్చి వచ్చు వ్యాధి మొదలైనవి ఉన్నవి. వాటిని మరియొక నెలకు ఉంచి, అన్నిటికంటె ఎక్కువ భయము పుట్టించు స్కిజోఫ్రీనియానే ఇక్కడ ముఖ్యముగా తీసికొనుచున్నాము. ఇది సాధారణముగా యౌవనములో, చదువో ఉద్యోగమో పెండ్లో మొదలగు వయస్సులో వచ్చును. ఎదుట ఎవరును లేకపోయినను మాటలు వినబడును. అన్నములో ఏదో కలిపినారని, వీధిలోనివారు తన్నుగూర్చియే మాట్లాడుకొనుచున్నారని గట్టి అనుమానము కలుగును. మాటకు మాటకు పొంతన తప్పును. ఇవి బయటికి కనబడు లక్షణములు. కనబడనివి వేరే ఉన్నవి. స్నానము చేయబుద్ధి కాదు, పలుకుట తగ్గిపోవును, ముఖములో సంతోషమైనను దుఃఖమైనను తెలియదు, పగలంతా గోడవైపు తిరిగి పడుకొనును. ఇంటివారు ఈ రెండవ రకమును జబ్బు అనుకొనరు, సోమరితనము అనుకొందురు. తిట్లన్నియు దీనికే పడును.

మన పెద్దలలో ఒక మాట పాతుకొనిపోయినది: "ఒకసారి మతి చెడితే ఇక అంతే." వైద్యులలో కూడ ఒకప్పుడు ఇదే నమ్మకము ఉండెను. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు ఆసుపత్రిలో ఏండ్ల తరబడి ఉండి, ఇక మారరు అనిపించుకొన్న 269 మందిని 1950ల మధ్యలో ఒక పునరావాస పథకములోనికి తీసికొన్నారు. ఉండుటకు చోటు, చేయుటకు పని, కనిపెట్టి చూచు మనుష్యులు ఏర్పాటు చేసి క్రమముగా బయటికి పంపినారు. సగటున 32 సంవత్సరముల తరువాత కోర్ట్నీ హార్డింగ్ అను పరిశోధకురాలు, ఆమె తోటివారు వీరి ఆచూకీ తీసి, 1987లో ఫలితములు ప్రకటించినారు. సగము మొదలుకొని మూడింట రెండు వంతుల వరకు చాలా మెరుగుపడియుండిరి, లేక పూర్తిగా కోలుకొనియుండిరి.

అది అమెరికా గదా అనవచ్చును. చెన్నపట్టణములో 1981–82లో మొదటిసారి ఈ వ్యాధితో వైద్యమునకు వచ్చిన 90 మందిని డాక్టర్ ఆర్. తారగారు, వారి తోటివారు ఏండ్ల తరబడి వెంబడించి చూచినారు. డాక్టర్ శారదా మేనన్‌గారు 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ ఆ పనిని కొనసాగించినది. పది సంవత్సరముల తరువాత 76 మంది ఆచూకీ దొరికినది. వారిలో ఎక్కువమంది వ్యాధి నడచిన తీరు ఆశ కలిగించునదే. ఇరువది సంవత్సరములు గడచిన తరువాత చూచినప్పుడు, పూర్తిగా విడుదల పొందినవారు కొద్దిమంది, ఒక్కరోజైనను తెరపి లేనివారును కొద్దిమంది. మిగిలినవారికి వ్యాధి మధ్య మధ్య వచ్చి, మధ్య మధ్య తగ్గుచుండెను. ఆ తగ్గిన కాలములలో వారు పనిచేసిరి, సంసారము చేసిరి, పిల్లలను పెంచిరి.

ఇక్కడ కోలుకొనుట అను మాటకు అర్థము తెలిసికొనవలెను. జ్వరము దిగినట్లు జబ్బు దిగిపోవుట ఒక అర్థము. మరియొకటి ఉన్నది: మోకాలు నొప్పితోనే పొలము పని చేసికొను రైతువలె, జబ్బు కొంత మిగిలియున్నను తన బ్రతుకు తాను బ్రతుకుట. తనను మనిషిగా ఎంచువారు నలుగురుండుట, రేపటిమీద ఆశ యుండుట, రోగి అను పేరుకాక మరియొక పేరుండుట, చేయుటకు ఏదో పనియుండుట, తన సంగతులు తాను నిర్ణయించుకొనుట. ఈ రెండవ అర్థమును పరిశోధకులు ఇప్పుడు ఎక్కువగా పట్టించుకొనుచున్నారు. ఇందులో ఒక్కటియు మందుల దుకాణములో దొరకదని చదువరులు గమనింతురు గాక.

అలాగని మందు అక్కరలేదని కాదు. ఈ మాట గట్టిగా చెప్పవలసియున్నది. మందు తీసికొను రోగులను, మాని ఉత్తుత్తి మాత్రలు వేసికొన్న రోగులను పోల్చిన 65 పరీక్షలను ఒకచోట చేర్చి 2012లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించినారు. ఒక సంవత్సరములో జబ్బు తిరగబెట్టినది మందు వాడినవారిలో నూటికి 27 మందికి, మానినవారిలో 64 మందికి. మన ఇండ్లలో జరుగునది తెలిసినదే. మూడు నెలలు మాత్రలు వేసినారు, పిల్లవాడు నెమ్మదించినాడు, ఉపవాస ప్రార్థన కూడ జరిగినది. "ఇక మాత్రలెందుకు, విశ్వాసము లేదా?" అని ఎవరో ఒకరు అందురు. రక్తపోటు మాత్రలు వేసికొను పెద్దలే ఈ మాట అనుట మాకు ఎప్పుడును వింతగానే యుండును. మాత్రలవలన ఒళ్లు వచ్చుట, మగత, చేతులు వణకుట వంటి బాధలు నిజమే. వాటిని వైద్యునితో చెప్పి మోతాదో మందో మార్పించుకొనవలెను గాని తామే మానకూడదు.

మందు ఇంత చేయును. మిగిలినది ఎవరు చేయుదురు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర తొమ్మిది దేశములలో ఈ రోగులను ఒకే కొలతతో పరీక్షింపజేసినది. మన దేశమునుండి ఆగ్రాను తీసికొన్నారు. రెండేండ్లకు, మరల ఐదేండ్లకు చూడగా, ఆగ్రాలోను, నైజీరియాలోని ఇబాదాన్‌లోను రోగులు లండన్, వాషింగ్టన్ వంటి నగరములలోని రోగులకంటె బాగుగా ఉండిరి. పెద్ద ఆసుపత్రులున్న చోట తక్కువ, లేనిచోట ఎక్కువ! ఉమ్మడి కుటుంబము, చేతనైనంత పని ఇచ్చు పొలము, విడిచిపెట్టని బంధువులు ఇందుకు కారణమని చాలామంది తలంచినారు. అయితే మనము గర్వపడుటకు తొందరపడకూడదు. ఈ తీర్పు అంత సులభముగా ఒప్పుకొనదగినది కాదని 2008లో ప్రశ్నించిన వైద్యులలో ముందు చెప్పిన తారగారు కూడ ఒకరు. పల్లెటూరి ఉమ్మడి కుటుంబమును చూచి చెప్పిన మాట, రెండు గదుల క్వార్టరులో కాపురముండు మనకు అట్లే వర్తించునని అనుకొనుటయు సరికాదు.

అయితే కుటుంబము దగ్గరనుంటే మేలు జరుగునని మన దేశములో ఇంకను ముందే చూచినవారున్నారు. 1950లలో అమృతసర్ మానసిక ఆసుపత్రిలో చోటు చాలనప్పుడు డాక్టర్ విద్యాసాగర్‌గారు ఆవరణలో డేరాలు వేయించి, రోగితోపాటు ఇంటివారిని కూడ అక్కడనే ఉంచినారు. వారు జబ్బు సంగతి నేర్చుకొనిరి, రోగులు త్వరగా ఇండ్లకు వెళ్లిరి. మన చిత్తూరు వారికి కూతవేటు దూరములో, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో బాగాయములో స్థాపించిన మానసిక ఆరోగ్య కేంద్రములో కూడ కుటుంబమువారు రోగితో కలిసి ఉండుట మొదటినుండి పద్ధతి. తాళము వేసి అప్పగించి పోవు చోటుగా దానిని కట్టలేదు.

కుటుంబముతో ఉండుట ఒక్కటే చాలునా? చాలదు. ఇది ఈ పాఠములో మేము అన్నిటికంటె ముఖ్యమని తలంచు భాగము. 1950లలో లండన్‌లో జార్జి బ్రౌన్ అను సామాజిక శాస్త్రవేత్త ఒక వింత గమనించినాడు. ఆసుపత్రినుండి బయటికి వచ్చినవారిలో, తల్లిదండ్రుల దగ్గరకో భార్య దగ్గరకో వెళ్లినవారికి జబ్బు ఎక్కువగా తిరగబెట్టినది. అద్దె గదికో, అన్నదమ్ముల ఇంటికో వెళ్లినవారికి తక్కువ. ఎందుకని ఇండ్లకు వెళ్లి సంభాషణలు వినగా కారణము బయటపడినది. ఎత్తిపొడుపు, ఈసడింపు, అతిగా కాపలా కాయుట, ఈ మూడును ఎక్కువగా ఉన్న ఇండ్లలో జబ్బు మరల వచ్చుచుండెను. ఇదే కొలతతో చండీగఢ్‌లో చూచి 1987లో ఫలితములు ప్రకటించినారు. అక్కడి కుటుంబములలో ఎత్తిపొడుపులు లండన్‌కంటె తక్కువ. కాని ఈసడింపు ఉన్న ఇండ్లలో అక్కడను తిరగబెట్టినది.

తల్లి మాటవలన జబ్బు వచ్చినదని దీని అర్థము కాదు. ఏ తల్లిని అట్లు నిందింపకూడదు. వచ్చిన జబ్బు మానుటకు ఇంటిలోని మాట అడ్డము రావచ్చును, తోడు రావచ్చును, అంతే. "తిని కూర్చుంటావు, సిగ్గులేదా", "నీ వలన మా పరువు పోయినది", "నీ ఈడువాడు ఇల్లు కట్టినాడు". ఇవి మన ఇండ్లలో బద్ధకస్తుని బాగుచేయుటకు వాడు మాటలు. జబ్బుపడిన మనస్సుకు ఇవి విషము. అతిగా కాపాడుట కూడ అంతే. ముప్పది ఏండ్ల కుమారునికి అన్నము కలిపి నోట పెట్టుట, ఒంటరిగా కిరాణా కొట్టుకు పోనీయకుండుట ప్రేమే గాని, అతనిని లేవనీయని ప్రేమ. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన ఒక సూత్రము ఇక్కడ పనికివచ్చును: ఒక్కసారి ఒక్క చిన్న పని చెప్పుము, చేసిన తరువాత చేసినావని చెప్పుము, చేయనిదానిని లెక్కపెట్టకుము.

ఇక ఇంటి బయట సంగతి. తమిళనాడులోని కాంచీపురము ప్రాంతము, గోవా, మహారాష్ట్రలోని సతారా, ఈ చోట్ల 282 మంది రోగులతో జరిపిన ఒక పెద్ద పరిశోధన ఫలితములు 2014లో వచ్చినవి. అందులో, ఇతరులు తమను హీనముగా చూచినారని చెప్పినవారు నూటికి 42 మంది. తాము నలుగురిలో కలియరానివారమని, వెలియైనవారమని లోపల బాధపడినవారు నూటికి 79 మంది! ఈ రెండు అంకెల నడుమనున్న ఎడమును గమనించుడి. ఎవరును ఒక్క మాట అనకముందే మనిషి తనకు తానే శిక్ష వేసికొనుచున్నాడు. ఆదివారము ఆరాధనకు రాకుండ మానినవానిని ఎవరును రావద్దని ఉండరు. రమ్మని కూడ ఎవరును అని ఉండరు.

ఆ పరిశోధనలోనే కొందరు రోగులకు వైద్యునితోపాటు స్థానికులైన, డాక్టరు చదువు చదువని కార్యకర్తలు శిక్షణ పొంది ఇండ్లకు వెళ్లి తోడుపడినారు. జబ్బునుగూర్చి ఇంటివారికి చెప్పుట, మందు క్రమముగా వేసికొనునట్లు చూచుట, పనికి, సర్కారు సహాయమునకు దారి చూపుట వారి పని. వీరి తోడు దొరికినవారు ఆసుపత్రి వైద్యము మాత్రమే పొందినవారికంటె కొంత మెరుగైనారు. ఎక్కువ మేలు కనబడినది తమిళనాడు పల్లెలలో. పెద్ద అద్భుతమేమియు కాదు, కొంత మేలు. కాని అది చేసినవారు సామాన్యులు. ఇట్టిదే 1980లలో బళ్లారి జిల్లాలో జరిగినది. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థవారు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి, ఇంటికి దగ్గరలోనే వైద్యము దొరకునట్లు చేసినారు. తెలుగు ఇంత వినబడు ఆ జిల్లా నమూనానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము అను పేర దేశములో ప్రారంభమైనది. అయినను 2015–16 జాతీయ సర్వేలో, చికిత్స అందనివారు వ్యాధిని బట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు ఉన్నట్లు తేలినది. ఆసుపత్రి లేక కొందరు, సిగ్గువలన కొందరు.

మన సంఘములలో ఇది దయ్యము పని అను వాదము తప్పక వచ్చును గనుక ఒక మాట. మత్తయి సువార్త 4వ అధ్యాయము 24వ వచనములో రోగులను వేరుగాను దయ్యముపట్టినవారిని వేరుగాను చెప్పియున్నది. అన్నిటిని ఒకే గాటకట్టు అలవాటు మనది గాని వాక్యముది కాదు. మార్కు 5వ అధ్యాయము చదివినప్పుడు మనము పందుల దగ్గర ఆగిపోవుదుము. ఆ మనిషి బట్టలు కట్టుకొని స్వస్థచిత్తుడై కూర్చుండుట చూచి ఊరివారు భయపడిరి; ప్రభువు అతనిని తన ఇంటివారియొద్దకు పంపెను. సంకెళ్లు వేసినవారిలో ఎవరైన అతనికి ఆ రాత్రి భోజనము పెట్టినారా అని మేము అప్పుడప్పుడు తలంచుచుందుము.

సంకెళ్లు పాత కథ కాదు. 2001 ఆగష్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కొరకు తెచ్చి గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు పాకకు నిప్పంటుకొని పారిపోలేక కాలిపోయిరి. అది ఏ మతమువారి స్థలమని అడుగుటకంటె, కన్నవారు వారిని అక్కడ ఎందుకు విడిచిరో అడుగుట మంచిది. 2018 మే 29నుండి అమలులోనికి వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగాను గొలుసుతో బంధించుటను నిషేధించినది. ప్రార్థన గృహమునకును ఈ చట్టము వర్తించును. సర్కారు ద్వారా వైద్యము పొందుట రోగి హక్కు అని కూడ అదే చట్టము చెప్పుచున్నది.

మనవంటి ప్రవాస సంఘములకే ప్రత్యేకమైన ఒక ఇబ్బంది భాష. జబ్బుపడిన తల్లికి తెలుగే వచ్చును, వైద్యునికి కన్నడమో ఒరియాయో మరాఠీయో. స్థానిక భాష బాగుగా వచ్చిన పదునాలుగేండ్ల కుమార్తెను దుబాసీగా తీసికొనిపోవుదురు. కడుపునొప్పి అయితే పరవాలేదు. "మీ నాన్న నన్ను చంప చూచుచున్నాడు" అను తల్లి మాటను ఆ బిడ్డ ఎట్లు చెప్పును? చెప్పదు, మింగివేయును. వైద్యుడు సగము వినును. రెండు భాషలు వచ్చి నోరు కట్టుకొనగల పెద్దవారు, వీలైతే స్త్రీకి స్త్రీ, వెంట వెళ్లుట సంఘము చేయగల పెద్ద మేలు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరునకు ఏ రాష్ట్రమునుండియైనను ఉచితముగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. ఈ నంబరు ప్రార్థన మందిరపు నోటీసు బోర్డుపై ఉండదగినది.

నోరు కట్టుకొనుట అన్నాము గనుక ప్రార్థన మనవుల సంగతి. మనస్సు బాగులేనివారి పేరు వేదికమీదనుండి చదువకూడదు. ఇంటివారు అడిగితే తప్ప పేరు లేకుండనే ప్రార్థింపవచ్చును. ఆదివారము సాయంత్రమునకు ఆ పేరు మూడు ఊళ్లు తిరుగుచుండగా, ప్రార్థన చేసినామను తృప్తి మనకు మిగులును.

పెండ్లినిగూర్చి. "పెండ్లి చేస్తే కుదురుకొనును" అను సలహా ఇచ్చువారు మనలో ఇంకను ఉన్నారు. దాచి చేసిన పెండ్లి తరువాత ఏమగునో చెన్నైలో స్కార్ఫ్‌వారే, భర్తలు విడిచిన రోగులైన స్త్రీలనుగూర్చి 2003లో వ్రాసినారు. వారిలో ఎక్కువమంది పుట్టింటికి తిరిగి వచ్చి వృద్ధులైన తల్లిదండ్రులమీద ఆధారపడియుండిరి. జబ్బు ఉన్నదను అవమానముకంటె భర్త విడిచినాడను అవమానమే వారిని ఎక్కువగా నలిపినది. జబ్బున్నవారికి పెండ్లి వద్దని మేము చెప్పము. చెన్నైలో వెంబడించిన ఆ మొదటివారిలోనే చాలామంది గృహస్థులు. చెప్పి చేయవలెను. మధ్యవర్తులుగా కూర్చుండు సంఘపెద్దలు ఈ ఒక్క విషయములో కఠినముగా ఉండవచ్చును.

పేరుపడిన రోగిమీద భయము పోవుటకు ఉపన్యాసములకంటె, కోలుకొన్న మనిషితో కలిసి పనిచేయుట ఎక్కువ ఉపకరించునని 2022లో లాన్సెట్ కమిషన్ తేల్చినది. మన సంఘములలో దీనికి ఏర్పాట్లు కొత్తగా చేయనక్కరలేదు. చాపలు పరచుట, పాటల పుస్తకములు పంచుట, ప్రేమవిందునాడు గంజి వార్చుట, మైకు సర్దుట. ఏదియో ఒకటి అతని పేరున ఉండవలెను. ఒక ఆదివారము చేయలేకపోతే వేరొకరు చేయుదురు, మరుసటి వారము మరల అతనిదే. పని తీసివేయకూడదు. కూలి పనియైతే కూలి ఇవ్వవలెను. జబ్బు మనిషి గదా అని సగము చేతిలో పెట్టుట దయ అనిపించుకొనదు.

కూటములో ఈ పాఠము చదివిన తరువాత మాట్లాడుకొనుటకు: మన సంఘపు పేర్ల పట్టీలో గడచిన ఐదు సంవత్సరములలో కనబడుట మానినవారు ఎవరెవరు? వారి ఇంటికి చివరిసారి ఎవరు, ఎప్పుడు వెళ్లినారు? మందుల ఖర్చు, ఆసుపత్రికి పోవు రోజు కూలి నష్టము భరింపలేక వైద్యము ఆపినవారు ఉన్నారా? రెండు భాషలు వచ్చి వెంట వెళ్లగలవారు మనలో ఎవరు? మొదటి ప్రశ్నకు జవాబులు బిగ్గరగా చెప్పవద్దు. చీటీలు వ్రాసి పెద్దలకు ఇయ్యుడి. ఇద్దరు వెళ్లి, కాఫీ త్రాగి, జబ్బు ఊసెత్తకుండ వచ్చినను మొదటిసారికి చాలును.